గుంటూరు మండలమునకు చెందినవారెవరు?



గుంటూరు మండలమునకు చెందిన ప్రముఖులను గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని. పేర్లు వరుసగా చదువుట కష్టము కాదు. ఆ పని చేయు పుస్తకములు పెక్కు గలవు. కాని "చెందినవారు" అను మాటకు అర్థమేమో ముందుగా నిర్ణయించుకొననిదే ఆ పట్టిక వలన ప్రయోజనము లేదు. ఈ నేలపై పుట్టినవారు చెందినవారా? ఇచ్చట నివసించినవారు చెందినవారా? ఎక్కడనో పుట్టి, ఇచ్చటి ప్రజల కష్టములో పాలుపంచుకొన్నవారు చెందినవారా? ఈ మూడు ప్రశ్నలను ముందుంచుకొని కొందరి చరిత్రలను పరిశీలింతము.

అసలు మండలమనగానేమి? అది ప్రభుత్వమువారు కాగితముపై గీచిన గీత. ఆ గీత నిలుకడగా నుండునది కాదు. మన సీమను పూర్వము ముర్తజానగరు సర్కారు అనుచుండిరి. నిజాము తమ్ముడగు బసాలతుజంగు అనుభవములోనుండిన ఈ సర్కారు ఆతని యనంతరము 1788లో కుంపిణీవారి వశమైనది. 1794లో గుంటూరు పేరిట ఒక మండలమేర్పడెను. 1859లో దానిని తీసివేసి, ఈ సీమను కృష్ణా మండలమున కలిపిరి. మఱల 1904 అక్టోబరు 1వ తేదీన గుంటూరు మండలము పునర్జన్మ మెత్తెను. అప్పుడే నెల్లూరునుండి ఒంగోలు తాలూకాను దీనిలో చేర్చిరి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు ముఖ్యపట్టణముగా వేఱొక మండలమేర్పడి, 1972లో ప్రకాశము పంతులుగారి పేరు ధరించెను. 2022 ఏప్రిల్ 4వ తేదీన పల్నాడు, బాపట్ల మండలములు వెలసెను.

చీరాలలోని ఒక కుటుంబమును తలచుకొనుడు. 1900లో వారు కృష్ణా మండలమువారు. 1904 తరువాత గుంటూరువారు. 1970 తరువాత ప్రకాశమువారు. 2022 తరువాత బాపట్లవారు. ఆ ఇంటివారు గడప కదలలేదు, నూతిగట్టు కదలలేదు, మగ్గపుగుంట కదలలేదు. అయినను నాలుగు మండలముల వారైరి. అట్టియెడ ఆ ఇంట పుట్టిన గొప్పవాడు ఏ మండలమువాడని వ్రాయవలెను?

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. ఇంగ్లండు దేశమున మండలమును కౌంటీ యందురు. ఆ కౌంటీలలో కొన్ని వేయేండ్ల నాటివి. అన్నిటికంటె చిన్నదగు రట్లండును 1974లో లెస్టరుషైరున కలిపివేసిరి. ప్రజలు ఊరకుండక పట్టుపట్టి, 1997లో దానిని మఱల వేఱుగా సాధించుకొనిరి. రాజును ధిక్కరించి ఆ దేశమునేలిన క్రామువెల్లు 1599లో పుట్టిన హంటింగుడనుషైరును 1974లో కేంబ్రిడ్జిషైరున చేర్చిరి. అయినను క్రామువెల్లు హంటింగుడనువాడనియే అచ్చటివారు నేటికిని చెప్పుకొందురు. గీతలు చెరిగినంత మాత్రమున మనుష్యుల పేర్లు చెరుగవు.

ఆ దేశపు పాత కౌంటీలలో బకింగుహామ్‌షైరు ఒకటి. దాని ప్రముఖులలో జాన్ హేంప్డెను అను నాతనిని గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. ఆతని కథ మన కథకు దగ్గఱ కథ.

పదునేడవ శతాబ్దమున మొదటి చార్లెసు రాజు శాసనసభ సమ్మతి లేకయే ఓడలపన్ను అను నొక పన్నును విధించెను. ఓడలు కట్టుటకై సముద్రతీరపు ఊళ్ళనుండి వసూలు చేయుట ఆచారముగా నుండిన ఆ పన్నును 1635లో లోపలి కౌంటీలకును విస్తరింపజేసెను. బకింగుహామ్‌షైరుకు సముద్రము లేదు. అయినను ఓడలపన్ను వచ్చిపడెను. హేంప్డెను సంపన్నుడు. ఆతని భూములలో ఒకదానిపై పడిన పన్ను ఇరువది షిల్లింగులు మాత్రమే. ఆ మొత్తము ఆతనికి లెక్కలోనిది కాదు. కాని ప్రజల ప్రతినిధుల సమ్మతి లేని పన్నును కట్టననెను. పండ్రెండుగురు న్యాయాధిపతుల యెదుట విచారణ జరిగి, ఏడుగురు రాజు పక్షమును, అయిదుగురు ఆతని పక్షమును తీర్పు చెప్పిరి. హేంప్డెను ఓడిపోయెను. అయిదుగురు న్యాయాధిపతులు రాజునకు వ్యతిరేకముగా చెప్పిరన్న వార్త మాత్రము దేశమంతట ప్రాకెను. 1641లో శాసనసభ ఆ పన్ను అక్రమమని నిర్ణయించెను. తరువాత జరిగిన అంతర్యుద్ధమున 1643లో హేంప్డెను గాయపడి మరణించెను. ఆతడు పుట్టినది లండనులోనని చెప్పుదురు. అయినను ఆతని విగ్రహము నిలిచియున్నది బకింగుహామ్‌షైరులోని ఏల్సుబరి అంగడివీధిలో. పుట్టుక ఎచ్చటిదైనను ఆ కౌంటీ ఆతనిని తనవానిగా చేసికొన్నది.

ఆంగ్లేయుల పరిపాలనలో మన ఉన్నత పాఠశాలల పిల్లలకు ఇంగ్లండు చరిత్ర పాఠముగా నుండెను. సమ్మతి లేని పన్నును నిరాకరించినవాడు మహాపురుషుడని పాఠము చెప్పించిన దొరతనమే, అదే పని చీరాలలోను, పెదనందిపాడులోను మనవారు చేసినపుడు చెఱసాల చూపెను. ఆ కథకు తరువాత వత్తును.

మొదట జన్మసంబంధమును చూతము. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872 ఆగష్టు 23వ తేదీన ఒంగోలు తాలూకా వినోదరాయునిపాలెమున జన్మించిరి. నాడు అది నెల్లూరు మండలము. తండ్రి గతించిన పిమ్మట తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళయిల్లు నడిపి బిడ్డలను పెంచిరి. ఆయన రాజమహేంద్రవరమున పెరిగి పెద్దవారై, చెన్నపట్టణమున న్యాయవాదియై, 1921లో స్వరాజ్యపత్రికను స్థాపించి, 1928లో సైమను సంఘమును బహిష్కరించు సందర్భమున తుపాకుల యెదుట ఱొమ్ము చూపిరి. 1946లో చెన్నరాజధానికిని, 1953లో ఆంధ్రరాష్ట్రమునకును ముఖ్యమంత్రులైరి. 1957లో పరమపదించిరి. ఆయన పనిలో పెద్దభాగము పుట్టిన తాలూకాకు వెలుపల జరిగినది. అయినను ఆ తాలూకాను తనలో నుంచుకొన్న మండలము ఆయన పేరే పెట్టుకొన్నది. పూటకూళ్ళ పొగలో కన్ను నలుపుకొనుచు కొడుకును చదివించిన తల్లి ఊరు ఒంగోలు. జన్మసంబంధమునకు ఇంతకంటె గట్టి ముడి యేమి కావలెను?

రెండవది వాససంబంధము. భారతమున అరణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱన, అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యమును నెలకొల్పిన ప్రోలయవేమారెడ్డి ఆశ్రయమున నుండి తన హరివంశమును ఆ రాజునకు అంకితమిచ్చెను. పదునాల్గవ శతాబ్దమున మన సీమ యెంత విద్యాసంపన్నమో దీనివలన తెలియుచున్నది. ఆ రెడ్ల రాజధాని తరువాత కొండవీటికి మాఱెను. పెదకోమటి వేమారెడ్డి కొలువున శ్రీనాథ మహాకవి విద్యాధికారియై వెలిగెను. ఆతడు అనుభవించిన భోగమును మన పండితులు వేయినోళ్ళ వర్ణింతురు. ఆయన కడపటి దినముల మాట మాత్రము రైతులకు తెలియవలసినది. కృష్ణయొడ్డున బొడ్డుపల్లి యను గ్రామమును గుత్తకు దీసికొనగా, ఏఱు పొంగి పైరు కొట్టుకొనిపోయెననియు, గుత్తధనము చెల్లింపలేక నడివీధిలో దండన మనుభవించెననియు ఆయన పేర ప్రచారములోనున్న చాటుపద్యములు చెప్పుచున్నవి. కనకాభిషేకము పొందిన కవిసార్వభౌముడు సయితము పైరు పోయిన యేడు శిస్తు వసూలు చేయువారి యెదుట మామూలు రైతే. ఈ కథలో ఎంత చరిత్రయో యెంత కల్పనయో పండితులు తేల్చుకొందురు గాక. దానిని ఇన్ని తరములుగా మన పల్లెలు మఱవకపోవుటకు కారణము అందలి శిస్తు బాధయే.

వాససంబంధము గలవారిలో అమరావతి జమీందారగు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు మఱియొకడు. ఆయన చింతపల్లిని విడిచి అమరావతిలో పురము కట్టించి, అమరేశ్వరాలయమును వృద్ధిచేసెను. ఆ పురనిర్మాణమునకై ఇటుకలు, ఱాళ్ళు త్రవ్వుచుండగా ప్రాచీన బౌద్ధస్తూపము బయటపడెను. ఆ వార్త విని 1797లో కాలిన్ మెకంజీ వచ్చి చూచెను. తరువాత ఆ శిల్పములు కొన్ని చెన్నపట్టణపు మ్యూజియమునకును, కొన్ని సముద్రము దాటి లండనులోని బ్రిటిషు మ్యూజియమునకును చేరెను. నాయుడు దాతయని కీర్తి కెక్కెను. చెంచులను విందుకు పిలిపించి నఱికించెనను అపకీర్తియు నరుకుళ్ళపాడు అను ఊరిపేరుతో ముడిపడి నిలిచెను. 1816లో ఆయన కాలధర్మము చెందెను. ప్రముఖుల చరిత్ర చెప్పునపుడు గోపురము మాట చెప్పి చెంచుల మాట దాచుట న్యాయము కాదు. రెండును చెప్పినప్పుడే అది చరిత్ర యగును. ఒకటి దాచినచో భట్రాజు పొగడ్త యగును.

మూడవది కర్మసంబంధము. నా అభిప్రాయమున మూడింటిలో ఇదియే బలవత్తరము. దీనికి మొదటి దృష్టాంతముగా ఆంగ్లేయుడగు చార్లెసు ఫిలిప్పు బ్రౌనును చెప్పుదును. ఆయన 1798లో కలకత్తాలో పుట్టెను. తెనుగు నిఘంటువు కూర్చిన మహానుభావుడుగా మనమాయనను ఎఱుగుదుము. ఆయనకు మన మండలముతో మఱియొక బంధము గలదు. 1832-33లో, నందన నామ సంవత్సరమున, మన సీమలో ఘోరమైన కఱవు వచ్చెను. ఎముకలు బయటపడి డొక్కలు కనబడుటచే దానిని డొక్కల కఱవు అనిరి. అయిదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది నశించిరని నాటి లెక్కలు. నాటి అధికారులు "కొఱత" యనియు, "ఇబ్బంది" యనియు మెత్తని మాటలు వ్రాయుచుండగా బ్రౌను "కఱవు" అను మాటనే వ్రాసెను. పైవారికి అది రుచింపలేదు.

పెద్దలారా, ఒక్క మాటకు ఇంత విలువ యుండునా యని సందేహింపవలదు. కొఱత యన్నచో ధర కొంచెము హెచ్చినదని అర్థము. కఱవు అన్నచో జనము చచ్చుచున్నదని అర్థము. కొఱత యున్నచోట శిస్తు అడుగవచ్చును. కఱవు వచ్చినచోట గంజి పోయవలెను. నిఘంటువు వ్రాయువాడు మాటకు సరియైన అర్థము నెఱిగి, ఆ మాటను పలుకవలసిన చోట పలికెను. ఆ ఒక్క పని చేత ఆయన గుంటూరువాడైనాడని నేననుకొందును.

ఆ కఱవు పాలకుల కన్ను కొంత తెఱపించినది. 1852 మొదలు 1855 వఱకు బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. తెనాలి, రేపల్లె ప్రాంతములకు కాలువనీరు వచ్చెను. పడమటి మెట్ట మాత్రము మెట్టగానే నిలిచెను. పత్తియు, మిరపయు పండు ఈ నల్లరేగడి ఆకసమువంక చూచుచునే యుండెను. వాన కురిసిన యేడు పంట, కురియని యేడు అప్పు. శిస్తు మాత్రము రెండేండ్లయందును ఒకటే. ఈ సంగతి మనసులోనుంచుకొన్నచో, 1921లో జరిగినది తెలిసికొనుట సులభమగును.

చీరాల పేరాలలు చేనేతవారు మిక్కుటముగా గల ఊళ్ళు. ఆ రెంటిని కలిపి 1919లో దొరతనమువారు పురపాలక సంఘముగా మార్చిరి. అంతవఱకు ఏటికి సుమారు నాలుగువేల రూపాయలుగా నుండిన పన్ను నలువదివేలకు పెరిగెను. మాకు ఈ పురపాలక సంఘము వలదని ప్రజలు మొఱపెట్టుకొనిరి. వినువారు లేకపోయిరి. అప్పుడు వారికి నాయకుడైనవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య.

దుగ్గిరాల 1889లో కృష్ణా మండలము పెనుగంచిప్రోలున పుట్టెను. కూచినపూడిలోను, గుంటూరులోను పెరిగెను. స్కాట్లండు దేశమున ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమునందెను. నందికేశ్వరుని అభినయదర్పణమును ఆనంద కుమారస్వామితో గూడి ఆంగ్లీకరించి 1917లో ప్రకటించెను. ఇట్టి విద్వాంసుడు చీరాలకు వచ్చి, రామదండు అను సేవకదళమును కూర్చి, సాలెవారి వాకిళ్ళలో కూర్చుండి ధర్మము బోధించెను. 1921 ఏప్రిల్‌లో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి రెండు మార్గములు చూపెను: శాంతముగా పన్ను నిరాకరించి వచ్చిన కష్టమును ఓర్చుట ఒకటి, ఊరు విడిచిపోవుట రెండవది. ప్రజలు రెండవ మార్గమును పట్టిరి.

పదునైదువేల జనములో సుమారు పదుమూడువేలమంది, పురపాలక సంఘపు ఎల్లలు దాటి, రామనగరమని పేరుపెట్టుకొని, పాకలు వేసికొని యుండిరి. ఒకటి రెండు దినములు కాదు, ఇంచుమించు పదునొకండు మాసములు! ఎండలోను, వానలోను, చలిలోను పసిపిల్లలతో, ముసలివారితో, మగ్గములతో గడపిరి. పన్ను కట్టనందులకు చెఱసాలకు పోయినవారిలో రావూరి అలివేలుమంగమ్మ అను స్త్రీ కలదు. ప్రముఖుల పట్టిక వ్రాయువారు ఈమె పేరును మఱవరాదు.

అదే సంవత్సరము చివర పెదనందిపాడు ఫిర్కాలో భూమిశిస్తు నిరాకరణము ఆరంభమైనది. నాయకుడు పర్వతనేని వీరయ్యచౌదరి. శాంతిసేన యను పేరిట వేలకొలది యువకులు చేరిరి. గ్రామ మునసబులు, కరణములు తమ ఉద్యోగములకు రాజీనామా లిచ్చిరి. తరతరముల మిరాశీని, నెలనెల వచ్చు జీతమును, ఊరిలోని పెత్తనమును ఒక్క సంతకముతో వదలుకొనుట ఎంతటి పనియో మీకు నేను చెప్పనక్కఱలేదు. మండలాధికారి రూథర్‌ఫర్డు సైన్యమును దింపెను, జప్తులు చేయించెను. జప్తు చేసిన సొత్తును వేలము పాడువారు కఱవైరి. రైతులు చేయి యెత్తలేదు. ఈ ఘట్టములో ఒకవైపు ఆవేశముతోనున్న రైతులకును, మఱియొకవైపు జాగ్రత్త చెప్పుచున్న మహాత్మునకును నడుమ నిలిచినవారు దేశభక్త కొండ వెంకటప్పయ్య పంతులుగారు. ఆయన 1866లో పాతగుంటూరున పుట్టి, 1902లో కృష్ణాపత్రికను స్థాపించినవారిలో ఒకరై, 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు మూలస్తంభములలో ఒకరైరి.

పడమట పల్నాటిసీమలో అడవి బాధ. పశువులు మేసినందులకు పుల్లరి యను పన్ను. తాతలనాటినుండి పశువులను తోలుకొనిపోయిన అడవికే చీటి కావలసివచ్చెను. మించాలపాడు గ్రామస్థుడగు కన్నెగంటి హనుమంతు ప్రజలను కూడగట్టి పుల్లరి నిరాకరించెను. 1922 ఫిబ్రవరిలో సాయుధ బలము జరిపిన కాల్పులలో ఆ వీరుడు ప్రాణములు విడిచెను.

ఇప్పుడొక సంగతి గమనింపుడు. ఈ మూడు ఘట్టములలో ఏదియు ఆనాడు గెలువలేదు. చీరాలవారు దుగ్గిరాల చెఱసాలలో నుండగా, చేతిలోని ధనము అయిపోగా, తుదకు ఇండ్లకు తిరిగివచ్చిరి. పురపాలక సంఘము నిలిచెను. చౌరీచౌరాలో హింస జరిగినందున మహాత్ముడు సహాయనిరాకరణమును నిలిపివేయగా పెదనందిపాడు రైతులు శిస్తు కట్టిరి. హనుమంతు హతుడయ్యెను. దుగ్గిరాల క్షయవ్యాధితో 1928లో ముప్పదితొమ్మిదవ యేట మరణించెను. లోకమున గెలిచినవారికే పేరు వచ్చునని చెప్పుదురు. మన మండల చరిత్ర ఆ మాటను కాదనుచున్నది. పురపాలక సంఘమును నెలకొల్పిన ఉత్తరువుపై చేవ్రాలు చేసిన అధికారి పేరు చీరాలలో నేడెవ్వరికి తెలియును? దుగ్గిరాల పేరు తెలియనివారెవ్వరు? హేంప్డెను విషయమును ఇట్టిదే. ఏడు తీర్పులు వ్రాసినవారి విగ్రహము ఏల్సుబరిలో లేదు.

పన్నుబాధ ఒక్కటియే మన ప్రజలు మోసిన బరువు కాదు. దానికంటె పాతబరువు, మనవారే మనవారిపై మోపిన బరువు, కులభేదము. దానిని దింపజూచినవారును ఈ నేలపై నుండిరి. పండ్రెండవ శతాబ్దమున పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు కుడిపించెననియు, మాలకులజుడగు కన్నమదాసును సేనానాయకుని చేసెననియు వీరగాథ చెప్పుచున్నది. ఆ యుద్ధము జరిగిన కారెంపూడిలో నేటికిని ఏటేట కార్తికమాసమున వీరుల ఉత్సవము జరుగును. ఏడువందల సంవత్సరముల పిమ్మట సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడున 1877లో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు అదే పనికి పూనుకొనిరి. పల్నాటి ప్రజల పుల్లరి బాధను విచారింపబోయి చెఱసాల పాలై, ఆ చెఱలోనే మాలపల్లి నవలను వ్రాసిరి. దొరతనమువారు దానిని నిషేధించిరి. భార్య లక్ష్మీబాయమ్మగారితో గూడి 1922లో గుంటూరున స్త్రీల విద్యకై శారదానికేతనమును స్థాపించిరి.

వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱం జాషువ కవి ఆ బరువును గూర్చి చదివి వ్రాసినవాడు కాడు, స్వయముగా మోసినవాడు. పద్యమును ఎవరికిని తీసిపోని ప్రౌఢితో చెప్పి, పంక్తికి దూరముగా కూర్చుండవలసివచ్చినవాడు. 1941లో వెలువడిన గబ్బిలము కావ్యమున ఆయన సందేశము పంపినది రాజహంసచేత గాదు, దేవాలయమున అడ్డు లేక ప్రవేశింపగల గబ్బిలముచేత. పండితుల యొద్ద సంప్రదాయ విద్య చదువుకొన్న నేను ఈ కావ్యమును గూర్చి ఒక్కటి చెప్పగలను. ఛందస్సు, సమాసము, ధ్వని, ఏ గీటురాయిపై గీచినను అది మేలిమి బంగారమే. ఆయన కొంతకాలము చెన్నపట్టణపు ఆకాశవాణిలో పనిచేసిరి. 1971లో గుంటూరున దివంగతులైరి.

మెట్టభూములకు నీటికథ తరువాత వచ్చినది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ పల్నాటి మీదుగా దక్షిణమునకు సాగెను. ఈ ఆనకట్టకై పట్టువిడువక పాటుపడినవారిలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాదు ముఖ్యుడు. ముక్త్యాల కృష్ణకు ఆవలిగట్టున గలదు. ఆవలిగట్టువాడు ఈవలిగట్టు మెట్టకు నీరు కోరెను. ఈ మహనీయుని ఏ మండలపు పట్టికలో వ్రాయవలెను? రెంటను వ్రాయుడని నా మనవి.

పల్లెటూరి పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా తెలుగు చెప్పినవాడను. మండలములు విడిపోయినప్పుడెల్ల పిల్లలలో సయితము "ఫలానావాడు మావాడు, మీవాడు కాడు" అను వాదము వినవచ్చెడిది. దానికి నేను చెప్పిన సమాధానమునే మీకును చెప్పుచున్నాను. పొలము పంచుకొన్నచో ముక్కలగును. తాతపేరు పంచుకొన్నచో ముక్కలు కాదు. నలుగురు మనుమలలో ప్రతివానికిని తాత నిండుగానే తాత. పల్నాడు, బాపట్ల, గుంటూరు, ప్రకాశము అను నలుగురు అన్నదమ్ములకు దుగ్గిరాల అట్టివాడు, జాషువ అట్టివాడు.

ఇక కడపటి మాట. పదుమూడువేలమంది రామనగరములో నుండిరంటిని. వారిలో పుస్తకములకెక్కిన పేర్లు పదులలోనే యుండును. మిగిలినవారి పేర్లెక్కడ? పెదనందిపాడు ఫిర్కాలో రాజీనామా లిచ్చిన మునసబులు, కరణములు ఎవరెవరు? సామాను జప్తు చేసినవేళ గుమ్మములో నిలిచిన ఇల్లాండ్రు ఎవరు? ఈ పేర్లు దొరతనపు దస్తరములలో లేవు, ఉన్నను నేరస్థుల పట్టికలోనే యుండును. అవి మీ యిండ్లలో నున్నవి. మీ తాతలు, మీ నాయనమ్మలు మీకు చెప్పియుందురు. ఆ మాటలు వినినవారిలో చివరి తరము మీరే. మీతో అవి ముగిసినచో తరువాత ఎంత పండితుడైనను వానిని తిరిగి తేలేడు.

కావున ప్రతి గ్రామమునందును ఒక గట్టి అట్టగల పుస్తకము కొనుడు. దానిలో ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క పుట కేటాయింపుడు. పేరు, ఇంటిపేరు, ఏ యింటివారు, ఏమి చేసిరి, ఏ సంవత్సరమున, ఎవరి నోట వింటిరి అను ఆఱు సంగతులు వ్రాయుడు. విన్నది విన్నట్లు వ్రాయుడు. కులము చూచి ఒకరిని చేర్చి ఒకరిని విడువవలదు. స్త్రీల పేర్లు "ఫలానావారి భార్య" అని వ్రాయక వారి పేరుతోనే వ్రాయుడు. మంచిపని చేసినవారు తరువాత చెడ్డపని చేసినచో ఆ రెండును వ్రాయుడు. మీ చేతివ్రాత బాగులేనిచో బడిలో చదువు మనుమనిచేతనో మనుమరాలిచేతనో వ్రాయింపుడు. వ్రాసిన బిడ్డకు ఆ పేరు జీవితాంతము జ్ఞాపకముండును. ఆ పుస్తకమును గ్రామ గ్రంథాలయమున నుంచుడు. దాని నకలును పాఠశాలకిండు.

రేపు మండలపు ఎల్లలు మఱల మాఱవచ్చును. మాఱనిండు. ఈ పుస్తకమున్న ఊరు ఏ మండలమున చేరినను తన మనుష్యులను తనతో తీసికొనిపోవును. సెలవు.